పట్టూ విడుపూ

క్లచ్చిని తెలుగులో ఏమనాలన్నది నన్ను చాలా రోజులు వెంటాడిన ప్రశ్న. అంతర్జాలంలో తెలుగు రాయడానికి దిగిన మనందరికీ ఈ జబ్బు కొంత ఉన్నదే. ఎదురుపడ్డ ప్రతి ఇంగ్లీషు మాటకూ ఒక తెలుగు చొక్కా కుట్టి తొడిగితే తప్ప నిద్ర పట్టదు. "సంయోజకం" అనుకుని చూశాను, పరీక్ష పేపరు వాసన వేసింది. "పట్టుబిళ్ళ" అన్నాను, మందుల అంగడి గుర్తుకొచ్చింది. చివరకు తృప్తినిచ్చిన మాట మన నోట ఎప్పటినుంచో నానుతున్నదే: పట్టువిడుపు. ఇంజను తిరుగుడును చక్రాలకు అందించేటప్పుడు పట్టు, గేరు మార్చేటప్పుడు విడుపు. ఈ రెంటి నడుమ ఒక క్షణం ఉంటుంది, పట్టీ పట్టకుండా, విడిచీ విడవకుండా. క్లచ్చి అరిగేది ఆ క్షణంలోనే. గట్టిగా పట్టి ఉన్నంతసేపూ దానికి అరుగుదల లేదు, పూర్తిగా విడిచినప్పుడూ లేదు.

నాయుడుపేటలో నా బండి చూసే మేస్త్రీకి ఈ పదచర్చతో పనిలేదు. ఆయన దాన్ని క్లచ్చనే అంటారు. కానీ "జారతా ఉండాది అయ్యోరూ" అన్నారు చూడండి, ఆ జారడమన్న క్రియలో నా పదకోశమంతా ఓడిపోయింది.

ముందు బండి సంగతి చెప్పాలి. 2007లో కొన్న టాటా ఇండికా, డీజిలుది. 1998 చివర్లో ఆ కారును విడుదల చేసినప్పుడు మనవాళ్ళే గీసి మనవాళ్ళే చేసిన కారని దేశమంతా చెప్పుకొంది. 2018లో దాని తయారీ ఆగిపోయింది. తిరుపతి టాక్సీ స్టాండ్లలో తెల్ల ఇండికాలు బారులు తీరి ఉండిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. నా బండి మీటరు నిరుటి శ్రావణానికి 2,86,000 కిలోమీటర్లు చూపిస్తోంది. మొదటి క్లచ్చి 1,30,000 దగ్గర మార్పించాను, ఇప్పుడున్నది రెండోది. బండికి 2022 జులైలో పదిహేనేళ్ళు నిండాయి. సరిగ్గా ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే కార్ల రిజిస్ట్రేషను పొడిగింపు రుసుమును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. కట్టాను. మరో అయిదేళ్ళ ఆయువు పోశారు. అదే నెల 4వ తేదీన మా నాయుడుపేట నెల్లూరు జిల్లాను విడిచి కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారింది గానీ మా అమ్మ ఆసుపత్రి మారలేదు. అది నెల్లూరులోనే ఉంది.

అమ్మకు డయాలసిస్ వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. దాదాపు 70 కిలోమీటర్లు వెళ్ళి, నాలుగు గంటలు మంచం మీద ఉండి, మళ్ళీ 70 కిలోమీటర్లు రావాలి. ఉదయం ఏడుకు మంచం మనది. ఎనిమిదికి వెళితే ఇంకొకరిది. ఒక వాయిదా తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, పడుకుంటే ఊపిరి ఆడదు, రాత్రంతా దిండ్లకు ఆనుకుని కూర్చోవాలి. ఒకసారి వరదల్లో దారి మూసేసినప్పుడు ఆ రాత్రి ఎలా ఉంటుందో చూశాం. రైలుంది, స్టేషనూ దగ్గరే. కానీ రక్తశుద్ధి అయ్యాక ఆమె మెట్ల వంతెన ఎక్కలేదు. అద్దెకారుకు రానుపోను మూడు వేలకు తక్కువ ఒప్పుకోరు, నెలకు ఎనిమిదిసార్లు. అదీగాక కొత్త బండిలో, కొత్త మనిషి ముందు, వాంతి వస్తుందేమోనన్న బెరుకులోనే ఆమె సగం నలిగిపోతుంది. మా బండిలో ముందు సీటు ఆమె నడుముకు తగ్గట్టు లొంగిపోయి ఉంది. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను. వయసు మళ్ళిన కారును ఇంకా ఎందుకు పట్టుకుని వేలాడుతున్నావని అడిగే మిత్రులకు నేను ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఒక మంగళవారం తిరుగు ప్రయాణంలో, గూడూరు దాటాక వంతెన ఎక్కుతుంటే, ఇంజను గొంతు పెంచింది గానీ బండి నడక పెంచలేదు. ముల్లు ఒకటి పైకి, ఒకటి ఉన్నచోటే. పాదం తేలిక చేస్తే సర్దుకుంది. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఊరు చేరేలోపు ఇంకో రెండుసార్లు అదే తంతు.

ఈ జారుడు ముందుగా పై గేర్లలోనే ఎందుకు బయటపడుతుందన్నది తెలుసుకోదగ్గది. డీజిలు ఇంజను తక్కువ తిరుగుడులోనే ఎక్కువ లాగుడు ఇస్తుంది, దాని సుగుణమే అది. కింది గేరులో బండి చప్పున వేగం అందుకుంటుంది కనుక ఆ లాగుడు భారం క్లచ్చి మీద కొన్ని క్షణాలే. పై గేరులో, ఎత్తు ఎక్కుతూ, పాదం అదిమితే పూర్తి లాగుడు నిలకడగా చాలాసేపు ఆ ఒక్క బిళ్ళ మీదనే. క్లచ్చి పట్టు మూడింటి లెక్క: బిళ్ళమీది లైనింగు గరుకుతనం, దాన్ని అదిమే స్ప్రింగు బలం (కారులో అది కొన్ని వందల కిలోల బరువుతో సమానం), బిళ్ళ వ్యాసం. మూడోది మారదు. మొదటి రెండింటిలో ఏది తగ్గినా జారుతుంది. జారితే వేడి, వేడెక్కితే గరుకుతనం ఇంకా తగ్గుదల, మళ్ళీ జారుడు. మంచి క్లచ్చి ఉన్న బండిని నిలిచినచోటి నుంచి కదిలించేటప్పుడు కూడా క్లచ్చి పట్టుకునేదాకా ఇంజను ఇచ్చే శక్తిలో సుమారు సగం ఆ బిళ్ళ దగ్గరే వేడిగా పోతుంది. ఆ వేడి వాసన మన ప్రాంతంవాళ్ళకు కొత్తది కాదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో, బండ్లు ఒకదాని వెనుక ఒకటి ఆగి ఆగి ఎక్కుతున్నప్పుడు, సంపెంగల వాసనను మింగేసి ఒక మాడు వాసన వస్తుంది కదా, అదే. (1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే. మాడు వాసనంతా ఎక్కడానికి తర్వాత వేసిన రెండో దారిది.)

ఇంటికి వచ్చేముందు రహదారి పక్కన ఒక పెద్ద షెడ్డులో చూపించాను. అక్కడి యువకుడు బానెట్టు కూడా ఎత్తలేదు. మీటరు చూశాడు. "రెండు లక్షల ఎనభై వేలు దాటింది సార్, ఫుల్ సెట్టు మార్చాల, ఇంజనూ చూడాల, పాతికవేలు అనుకోండి. దీనికి పాతిక పెట్టేకన్నా అమ్మేయడం మేలు, నలభై అయిదుకు నేనే తీసుకుంటా" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. లెక్కలో తప్పు కూడా లేదు. బండి ధరలో సగానికి మించి మరమ్మతుకు పెట్టడం ఏ వ్యాపారస్థుడూ మెచ్చే పని కాదు. కానీ అతను బండిని తూచాడు తప్ప రోగాన్ని చూడలేదు. అంకె పెద్దదైతే అరుగుదలే కారణమని ముందే తీర్మానం.

మా మేస్త్రీ షెడ్డు ఊళ్ళో, స్వర్ణముఖి వైపు పోయే దారిలో ఉంది. రేకుల కప్పు, వేపచెట్టు నీడ, నూనె తాగి నల్లబడ్డ నేల. ఆయన యౌవనమంతా లారీల కింద గడిచింది. కలకత్తా రహదారి ఇంకా 'అయిదో నంబరు'గా ఉన్న రోజులవి, 2010లో కదా అది పదహారైంది. ఆ కాలంలో లారీ క్లచ్చి అరిగితే బిళ్ళ పారేసేవారు కాదట. రివెట్లు ఊడగొట్టి కొత్త లైనింగు తొడిగి మళ్ళీ రివెట్లు కొట్టేవారు.

ఆయన ముందు పెడలును చేత్తో నొక్కారు. పైన వేలెడంత వదులు ఉండాలి. నా బండిలో ఆ వదులు లేదు. లైనింగు అరిగేకొద్దీ ఆ వదులు తగ్గుతూ వస్తుంది. పూర్తిగా పోతే పాదం తీసేసినా తీగె సగం నొక్కినట్టే ఉంటుంది, క్లచ్చి ఎప్పటికీ పూర్తిగా పట్టదు. చాలా జారుడు రోగాలు ఈ తీగె బిగువు దగ్గరే తీరిపోతాయి, నయాపైసా ఖర్చు లేకుండా. తీగె వదులు చేశారు. తర్వాత చక్రాలకు రాళ్ళు పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, నాలుగో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటరు ఇచ్చి పెడలు మెల్లగా వదిలారు. ఆరోగ్యమైన క్లచ్చి అయితే ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోవాలి. మాది ఆగలేదు, మూలుగుతూ తిరిగింది. వెంటనే ఆపేశారు. "ఈ పరీక్ష ఒక్కసారే చెయ్యాల అయ్యోరూ, రెండోసారి చేస్తే రోగి చస్తాడు."

"ఎన్ని రోజులు పడుతుంది మేస్త్రీ?"

"శుక్రవారం పొద్దున అమ్మకు బండి కావాల, అంతేగదా." ఎన్ని రోజులో చెప్పలేదు.

బుధవారం పొద్దున గేరుబాక్సు దించే పని మొదలైంది. ముందు చక్రాలతో నడిచే కారులో ఇది చిన్నపని కాదు. బ్యాటరీ తీయాలి, చక్రాలకు పోయే షాఫ్టులు రెండూ ఊడదీయాలి, గేరాయిలు వంపాలి, ఇంజను వాలిపోకుండా కింద జాకీ మీద చెక్క మొద్దు పెట్టి ఆపాలి, అప్పుడు గేరుబాక్సును ఇద్దరు పట్టుకుని పక్కకు లాగాలి. క్లచ్చి సామాను ఖరీదు కన్నా దాని దగ్గరకు చేరే కూలి బరువు ఎందుకో ఆ రోజు అర్థమైంది. అందుకే ఒకసారి దించాక బిళ్ళ, దాన్ని అదిమే ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చాలంటారు. వందల రూపాయల బేరింగును పాతదే ఉంచితే, అది అరిచిన రోజున మళ్ళీ వేల రూపాయల కూలి.

గేరుబాక్సు దిగగానే లోపల నల్లటి పొడి. పిల్లవాడు కంప్రెసరు గొట్టం అందుకున్నాడు. మేస్త్రీ కేకేశారు. తడిగుడ్డతో తుడవమన్నారు. లైనింగుల్లో రాతినార కలిపే రోజులు చాలా కాలం నడిచాయి. ఐరోపా సమాజ దేశాలన్నింటిలో 2005 నాటికి దాన్ని నిషేధించారు. మన దేశంలో పూర్తి నిషేధం లేదు. పేరున్న కంపెనీలు రాతినార లేకుండానే చేస్తున్నాయి గానీ, పాత బండిలో ఎవరు ఎప్పుడు ఏ బిళ్ళ వేశారో పొడిని చూసి చెప్పలేం. రాతినార పోగు ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తర్వాత ప్రాణం తీస్తుంది. మేస్త్రీకి ఈ శాస్త్రమంతా తెలుసో లేదో అడగలేదు. తనతో లారీల కింద పని చేసినవాళ్ళలో దగ్గుతో పోయినవాళ్ళ మాట మాత్రం ఒకసారి ఎత్తారు.

ఆ పొడి మామూలు పొడిలా రాలడం లేదు, ముద్దగా అంటుకుంది. ఆయన చూపుడువేలితో తీసి బొటనవేలితో నలిపి వాసన చూశారు. నాకూ చూపించారు. గేరాయిలైతే గంధకం కంపు కొడుతుంది, రంగు తేనెలా ఉంటుంది. ఇది కాటుక నలుపు, మసి వాసన. అంటే ఇంజనాయిలు. డీజిలు ఇంజనులో నూనె వేసిన కొద్ది రోజులకే మసిపట్టి నల్లబడుతుంది. ఫ్లైవీలు వెనుక, క్రాంకుషాఫ్టు చివర ఉండే సీలు నుంచి అది కారుతోంది.

బిళ్ళను ఊడదీసి వెలుతురులో పెట్టారు. అప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం కలిగింది. రివెట్ల తలలకు పైన లైనింగు ఇంకా మిగిలి ఉంది, మరో ముప్పై వేల కిలోమీటర్లు నడిచేంత! అరుగుదల వల్ల జారలేదు, నూనె వల్ల జారింది. రహదారి షెడ్డులో మీటరు చూసి ఫుల్ సెట్టు మార్చి ఉంటే, సీలు జోలికి పోకుండానే కొత్త బిళ్ళ బిగించి ఉంటే, ఆరు నెలలకు అదే వంతెన మీద అదే గొంతు వినేవాళ్ళం. అప్పుడు, బండికి వయసైపోయిందని నేనూ నమ్మి అమ్మేసేవాణ్ణేమో.

లైనింగు మిగిలి ఉంది కదా, పెట్రోలుతో కడిగి వేయకూడదా అని అడిగాను. కూడదన్నారు. లైనింగు నూనెను పైపైన పూసుకోదు, తాగుతుంది. కడిగితే ముఖం తెల్లబడుతుంది గానీ వేడెక్కగానే కడుపులోది కక్కుతుంది. పోయినతరం డ్రైవర్లకు నూనెకూ క్లచ్చికీ ఇంకో రకం చుట్టరికం ఉండేది. తొలినాటి కార్లలో క్లచ్చి ఒక శంకువు, దానికి తోలు తొడుగు. తోలు ఎండి బిరుసెక్కితే మెత్తబడటానికి ఆముదం పూసేవారు. మరీ నూనె ఎక్కువై జారితే నూనె పీల్చే మట్టి చల్లేవారు. మన ఇళ్ళలో తలకు ఆముదం పెట్టి సున్నిపిండి రాసినట్టేనన్నమాట. ఈ ముక్క నేను చెబితే మేస్త్రీ పెద్దగా నవ్వారు. ఆ రోజు ఆయనకు నేను చెప్పగలిగిన కొత్త సంగతి అదొక్కటే.

సీలు ఎందుకు కారిందన్నది ఆయన అంతటితో వదల్లేదు. సీలు రబ్బరు, వయసుకు గట్టిపడుతుంది, నిజమే. కానీ లక్షల కిలోమీటర్లు నడిచిన ఇంజనులో పిస్టన్ల పక్కనుంచి పొగ కొంత కిందికి దిగుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి ఒక బ్రీదరు గొట్టం ఉంటుంది. అది మూసుకుపోతే లోపలి గాలి నూనెను సీళ్ళ సందుల్లోంచి నెడుతుంది. మా గొట్టాన్ని ఊడదీసి చూస్తే తారులాంటి జిగురు, పెన్సిలు దూరేంత సందు కూడా లేదు. కిరోసినుతో కడిగించారు. సీలు ఖరీదు 280 రూపాయలు, గొట్టం కడగడానికి ఏమీ లేదు. మొత్తం రోగానికి మూలం ఈ రెండే.

సామాను చెన్నై నుంచి రావాలి. మా ఊరి నుంచి చెన్నై నూటపది కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి పుదుప్పేట పాత సామాన్లకు ప్రసిద్ధి, పెట్టెలో పాతది పెట్టి కొత్తదని అమ్మే చేతివాటానికీ కొంత. మేస్త్రీ తనకు తెలిసిన కొత్త సామాన్ల దుకాణానికి ఫోను చేసి, కంపెనీ ముద్ర చూసి, పెట్టె విప్పకుండా పంపమన్నారు. బుధవారం రాత్రి బస్సులో వచ్చింది.

గురువారం ఫ్లైవీలు లేతుకు వెళ్ళింది. దాని ముఖం మీద అక్కడక్కడ నీలిమచ్చలు, వేడికి ఉక్కిరిబిక్కిరైన చోట్లు. ఆ మచ్చలు చుట్టుపక్కల లోహం కన్నా గట్టిపడి ఉంటాయి, అలాగే వదిలేస్తే కొత్త బిళ్ళ బండి కదిలేటప్పుడు వణుకుతుంది. సన్నగా ఒక పొర కోస్తే చాలు. పదకొండుకు లేతు మీద ఎక్కించారు. పదకొండున్నరకు మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. లేతు ఆగిపోయింది. మిగతా ఊరంతా పంకాలు తిరుగుతున్నాయి, అక్కడ మాత్రం సగం మెరిసిన ఫ్లైవీలు, సగం నీలిమచ్చలు. మధ్యాహ్నం రెండు, మూడు, నాలుగు. ఇంటికి ఫోను చేస్తే అమ్మ కాళ్ళ వాపు మొదలైందని, అన్నం వద్దందని చెప్పారు. అద్దెకారు ఒకటి చెప్పి ఉంచాను. కోయకుండానే బిగించేద్దామా అన్నది నా నోటిదాకా వచ్చింది. మేస్త్రీ నా మొహం చూసి, "ఏడు దాకా చూస్తాం అయ్యోరూ. కరెంటు రాకుంటే అమ్మను అద్దెబండిలో నేనే తీసకపోతా. పని మాత్రం సగంలో బిగించను" అన్నారు.

కరెంటు ఆరుంబావుకు వచ్చింది.

బిగించేటప్పుడు చూడదగ్గ నేర్పు ఒకటుంది. బిళ్ళ మధ్యలో పళ్ళున్న రంధ్రం ఉంటుంది, గేరుబాక్సు షాఫ్టు అందులోకే దూరాలి. ప్రెజర్ ప్లేటు బోల్టులు బిగిశాక బిళ్ళ ఇక కదలదు. అది వెంట్రుకవాసి పక్కకు ఉన్నా, అంత బరువు గేరుబాక్సును ఎత్తిపట్టుకుని ఎంత తోసినా షాఫ్టు దూరదు. దీనికి ప్రత్యేకమైన పనిముట్లు అమ్ముతారు. మేస్త్రీ దగ్గర ఎప్పటిదో పాత గేరుబాక్సు షాఫ్టు ముక్క ఉంది, చేతులు మారి మారి వెండిలా మెరుస్తూ. దాన్ని దూర్చి, బిళ్ళను నడిమికి తెచ్చి, బోల్టులను వరసగా కాక ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించారు. ఒక పక్కే బిగిస్తే కవరు వంగుతుంది. గేరుబాక్సు మొదటి తోపులోనే కూర్చుంది. అప్పటికి రాత్రి పదిన్నర. షాఫ్టులు, గేరాయిలు, బ్యాటరీ, తీగె అన్నీ అయ్యేసరికి పన్నెండు దాటింది.

అంతా కలిపి 9,650 రూపాయలు. సెట్టు, సీలు, లేతు, నూనె పోను కూలి కింద ఆయన తీసుకున్నది మూడు వేలు. ఇంకో అయిదువందలు ఇవ్వబోతే పిల్లవాడి చేతిలో పెట్టమన్నారు.

శుక్రవారం ఏడుకు పది నిమిషాల ముందే అమ్మ తన మంచం మీద ఉంది. దారిలో ఆమె అడిగింది ఒక్కటే, పెడలు ఇప్పుడు మెత్తగా ఉందా అని. నా మోకాలి నొప్పి ఆమెకు గుర్తు.

కొత్త క్లచ్చికి మొదటి అయిదారువందల కిలోమీటర్లు మెత్తటి నడక కావాలి. లైనింగు ముఖమూ ఫ్లైవీలు ముఖమూ ఒకదానికొకటి అలవాటు పడేదాకా ఎత్తుల మీద ఈడ్పు, బరువులు కూడవు. మాకు అది నాలుగు డయాలసిస్ ప్రయాణాలు. ఆ తర్వాత తీగెను ఒకసారి సరిచేశారు. అప్పటినుంచి నెలకోసారి చమురు చూసే రోజున మేస్త్రీ బండి కిందికి దూరి, గేరుబాక్సూ ఇంజనూ కలిసే చోట, అడుగున ఉన్న చిన్న రంధ్రంలో చిటికెనవేలు పెట్టి బయటికి తీసి నాకు చూపిస్తారు. పోయిన నెలా చూపించారు. వేలికి కొంచెం దుమ్ము, అంతే.